తెలియదు అని రాసిన మనిషి

ఒక పట్టికలో ‘తెలియదు’ అని ఉన్న గడిలో ఆ మాట తీసేసి ‘లేదు’ అని పెట్టింది నేను. ఆయన కాదు. ఆయన పేరు మీద పెట్టాను కాబట్టి ఆయనే పెట్టారని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. తరవాత ఆయనే వచ్చి నన్నొక ప్రశ్న అడిగితే ఒక జవాబు చెప్పాను. చేసిన పని కంటే ఆ జవాబు పెద్ద తప్పు. దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను. ముందే చెబితే చదివేవాళ్ల ధ్యాస నా మీదికి పోతుంది. ఇది ఆయన గురించి రాస్తున్నది.

పట్టికలో ఈ మధ్యనే సరిదిద్దాను. సరిదిద్దినట్టు పేజీ అడుగున నా పేరుతో నమోదయింది కూడా. కానీ పట్టిక చూసేవాళ్లు పైన చూసి వెళ్లిపోతారు, అడుగున ఎవరూ చదవరు. చదివే మనిషి ఒక్కరుండేవారు, ఆయన పోయారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు రాయడం లేదు. వాళ్లావిడ వద్దన్నారు. “పేరెందుకు బాబూ. తెలిసినవాళ్లకి ఎలాగూ తెలుసు. తెలియనివాళ్లకి పేరు చెప్పినా తెలియదు” అన్నారు. ఆయనతో నలభై మూడేళ్లు కాపురం చేసిన మనిషి మాట అలాగే ఉంటుంది.

నాకు రాజమండ్రిలో దేవీచౌక్ దగ్గర జిరాక్సు, డీటీపీ షాపు ఉంది. కొన్నేళ్ల కిందట డాక్టరు చెప్పగా పాలు మానేశాను. మానేశాక గాని పాలు లేని వస్తువు దొరకడం ఎంత కష్టమో తెలియలేదు. అమలాపురంలో బోటనీ చెప్పే లెక్చరరు ఒకావిడ ఉన్నారు. మేమందరం మేడం అంటాం. ఆవిడ జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టరు. పాలు, తేనె, చివరికి పట్టుచీర కూడా. వీగన్ అంటారు ఇలాంటి వాళ్లని. పట్టిక మొదలుపెట్టింది ఆవిడే. ఇంటర్నెట్‌లో ఒక పేజీ. ఏ బిస్కెట్లో ఏం కలుస్తుంది, ఏ రంగు దేని నుంచి తీస్తారు, ఏ మందుబిళ్ల తొడుగు దేనితో చేస్తారు, ఇవన్నీ తెలిసినవాళ్లు రాయాలి. ఎవరైనా దిద్దవచ్చు. ఎవరు ఏ రోజు ఏం దిద్దారో పేరుతో సహా అడుగున నిలిచిపోతుంది. పదిమందిమి చేరాం. తెలుగు టైపింగు నా వంతు.

మొదట్లో అది పట్టికలా ఉండేది కాదు. ‘మనసున్న కంపెనీ’, ‘అమ్మ చేతి రుచి’, ‘ఛీ, వీళ్ల సరుకు కొనకండి’, ఇలా ఉండేది. ఒకరు పొగిడిందాన్ని ఇంకొకరు తిట్టేవారు. రెండూ ఉండేవి.

ఒక రోజు ఒక పెద్దాయన పింఛను కాగితం జిరాక్సు తీయించుకోవడానికి వచ్చారు. తెల్ల లాల్చీ, పై జేబులో భూతద్దం. కౌంటరు మీద మా పట్టిక ప్రింటు ఉంటే దాన్ని లాక్కుని, భూతద్దం తీసి చదవడం మొదలుపెట్టారు. నా జిరాక్సు అయిపోయింది. ఆయన చదవడం అవలేదు. నాలుగు పేజీలూ అయ్యాక తలెత్తారు.

“ఇది మీదేనాండీ?”

“మాదేనండి. పదిమందిమి కలిసి రాస్తున్నాం.”

“ఇక్కడ ‘మంచి బ్రెడ్డు’ అని ఉంది. మంచిదని ఎవరు తూచారు?”

“తిన్నవాళ్లు రాశారండి.”

“తిన్నవాళ్లు తిన్నామని రాయాలి.” ఇంకో గడి మీద వేలు పెట్టారు. “ఇక్కడ ‘పాలు లేవు’ అని ఉంది. ఫ్యాక్టరీకి వెళ్లి చూశారా?”

“లేదండి. పాకెట్టు మీద పాలని రాయలేదు.”

“రాయకపోవడం వేరు, లేకపోవడం వేరు అబ్బాయ్” అన్నారు. నాకప్పటికి నలభై ఏడేళ్లు. చివరిదాకా అబ్బాయ్ అనే పిలిచారు. నేను బాబాయిగారూ అనేవాణ్ణి.

ఆయన తూనికలు కొలతల ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఇన్‌స్పెక్టరు కాదు. ఇన్‌స్పెక్టరు గారు జీపు దిగితే వెనక తూకపు రాళ్ల పెట్టె మోసుకుని దిగే మనిషి. చేపల బజారైనా బంగారం కొట్టయినా ఆయన చేసే పని ఒకటే. కొట్టువాడి రాయి ఒక పళ్లెంలో, ఆఫీసు రాయి ఇంకో పళ్లెంలో పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం. “ముల్లు ఆగేదాకా మాట్లాడకూడదు. మాట్లాడితే గాలి తగులుతుంది” అనేవారు. ముల్లు ఆగాక కూడా ఆయన పెద్దగా మాట్లాడింది లేదు.

మర్నాడు మళ్లీ వచ్చారు. పట్టిక ప్రింటులో ‘మంచి’, ‘చెడ్డ’, ‘అసలైన’, ‘మనసున్న’ లాంటి మాటలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేసి తెచ్చారు. నాలుగు పేజీలు పేజీన్నరకి వచ్చాయి. జంతువుల నుంచి వచ్చేది ‘ఉంది’, ‘లేదు’ అని రెండు గడులుంటే పక్కన గీత గీసి మూడోది పెట్టారు. దాని నెత్తిన ‘తెలియదు’ అని రాశారు. సగం సరుకులు ఆ గడిలోకి వెళ్లిపోయాయి.

మేడం గారికి అది నచ్చలేదు. మా షాపులోనే వాళ్లిద్దరికీ మొదటిసారి మాటలయ్యాయి.

“తెలియదని రాసుకోవడానికి ఇంత శ్రమెందుకండీ? తెలియకపోతే వదిలేస్తే సరిపోతుంది కదా!”

“వదిలేస్తే లేదనుకుంటారమ్మా. తెలియదని ఉంటే ఇంకో చోట అడుగుతారు.”

“జనం మా దగ్గరికి తెలుసుకోవడానికి వస్తారండి.”

“వచ్చి, ఏది తెలియదో తెలుసుకుని వెళ్తారు” అన్నారు ఆయన. నవ్వలేదు. ఆవిడకి నవ్వాలో కోప్పడాలో తెలియక ఆ గడిని ఉంచేశారు. ఆయన్నీ ఉంచేశారు.

ఫోన్లో టైపు చెయ్యడం ఆయనకి చేతకాలేదు. ఒక రూళ్ల పుస్తకంలో చేత్తో రాసుకొచ్చేవారు, నేను ఆయన పేరుతో పేజీ తెరిచి ఎక్కించేవాణ్ణి. ఆయన పాస్‌వర్డు ఆయనకి తెలియదు. నాకు తెలుసు. అప్పుడది చిన్న విషయం.

ఆయన ఏ వస్తువునైనా ముందు తిరగేసేవారు. ఒకసారి మా బంధువుల పెళ్లిలో ఐస్‌క్రీం కప్పు తలపైకెత్తి అడుగున చదివారు. కళ్లజోడు మీద కారింది. తుడుచుకుని “పాలు ఉన్నాయి” అన్నారు. ఐస్‌క్రీంలో పాలున్నాయని అక్కడున్న అందరికీ తెలుసు. ఆయనకి మాత్రం అప్పుడే తెలిసింది.

వాళ్లావిడని నేను పిన్నిగారూ అంటాను. ఒక రోజు భోజనానికి పిలిచారు. కూర వడ్డించి, “ఎలా ఉందండీ?” అని ఆయన్నడిగారు.

“ఉప్పు ఉంది. పులుపు ఉంది.”

“బాగుందా అని, బాబూ” అన్నారావిడ నా వైపు తిరిగి. “నలభై ఏళ్లుగా అడుగుతున్నాను. ఒక్కసారంటే ఒక్కసారి బాగుందని అనలేదు.”

“బాలేదని మాత్రం ఎప్పుడన్నాను?” అన్నారు ఆయన.

కంపెనీలకి ఫోన్లు చెయ్యడం నా షాపులోంచే చేసేవారు. నిలబడి చేసేవారు.

“నమస్కారమండి. మీ బిస్కెట్టు పాకెట్టు మీద ఎమల్సిఫైయర్ అని ఉందండి. అది మొక్క నుంచి తీసిందా, జంతువు నుంచి తీసిందా?”

అవతల అమ్మాయి ఏదో చెప్పేది.

“ఆకుపచ్చ చుక్క చూశానమ్మా. పాలపాకెట్టు మీదా ఆకుపచ్చ చుక్కే ఉంటుంది. నేనడిగేది చుక్క గురించి కాదు.”

అమ్మాయి ఇంకెవరికో ఇచ్చేది. ఆ ఇంకెవరో లైన్లో ఉండమనేవారు. పాట వచ్చేది. ఆ పాట అయ్యేదాకా ఆయన చేతులు వెనక్కి కట్టుకోలేక, ఒక్క చెయ్యే వెనక్కి పెట్టుకుని నిలబడేవారు. ఒక్కోసారి పావుగంట. చివరికి ఫోను పెట్టేసి పుస్తకంలో ‘అడిగాం. చెప్పలేదు’ అని రాసేవారు. వాళ్లకి తెలియదనిగాని దాస్తున్నారనిగాని రాయనిచ్చేవారు కాదు.

పంచదార మీద పెద్ద గొడవయింది. ఎక్కడో విదేశాల్లో దాన్ని తెల్లగా చెయ్యడానికి ఎముకల బొగ్గు వాడతారని మేడం గారు చదివారు. ‘పంచదార: ఉంది’ అని పెట్టేశారు. ఆయన మర్నాడు పాసింజరెక్కి సామర్లకోట వెళ్లారు. చెరుకు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒకాయన్ని వెతికి పట్టుకుని, స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టి అడిగి, తిరుగు బండికి వచ్చేశారు. ‘అక్కడ సున్నం, గంధకం వాడేవారట. వేరేచోట తెలియదు. చెప్పినది ఒక్కరు’ అని రాశారు. ఈ చివరి మాట ఆయన ప్రతి సంగతి కిందా రాసేవారు. చెప్పినది ఇద్దరైతే ఇద్దరు, ముగ్గురైతే ముగ్గురు. ఎవరు చెప్పారన్న దానికంటే ఎందరు చెప్పారన్నది ఆయనకి ముఖ్యం.

ఇంత చేసిన మనిషి వీగన్ కాదు. శాకాహారి కూడా కాదు. గోదావరికి కొత్తనీళ్లు వచ్చి పులస చేప పడిందంటే రెండు రోజులు షాపుకి వచ్చేవారు కాదు. మూడోరోజు వచ్చి, “పులస వండుకున్నాం” అని ఉన్నమాట చెప్పేవారు. ఒకసారి ఆ మాట మేడం గారి ముందే అన్నారు.

“ఏంటండీ ఇది? పులస తిన్న చేత్తో ఈ పట్టిక రాస్తారా?”

“కడుక్కున్నానమ్మా.”

“చెయ్యి సంగతి కాదండీ! మీకు దీని మీద నమ్మకం లేనప్పుడు...”

“సారా తాగనివాడే సారా కొలవాలంటే, మా ఆఫీసులో కొలిచేవాడు దొరికేవాడు కాదమ్మా” అన్నారు. “నమ్మకం ఉన్నవాళ్లు రాస్తే నమ్మకం ఉన్నవాళ్లే చదువుతారు” అని కూడా అన్నారు.

ఆయన లూథరన్ చర్చికి వెళ్లేవారు. ఆదివారం ఆరాధనలో బైబిలు వాక్యం చదివేది ఆయనే. ఎవరో అన్నవరం ప్రసాదం గురించి అడిగితే ‘నెయ్యి: ఉంది’ అని రాశారు. కిరస్తానీ మనిషి ప్రసాదం జోలికి రావడమేంటని ఒకాయన మా వాట్సాప్ గ్రూపులో అన్నారు. ఈయన ఆ వారమే వాళ్ల చర్చిలో పంచే రొట్టె చేసే బేకరీకి వెళ్లి కనుక్కుని, దాని కిందే ‘పాలపొడి: ఉంది’ అని ఎక్కించమన్నారు.

ఇక పూతరేకుల సంగతి.

మా వదిన ఆత్రేయపురం వైపు ఒక ఊళ్లో పూతరేకులు చుట్టించి అమ్ముతుంది. మా అమ్మ పోయాక నాకు అన్నం పెట్టి చదివించింది ఆవిడే. మా పట్టిక గురించి నా నోటే విని, నెయ్యి బదులు కొబ్బరినూనె వేసి, బెల్లం, జీడిపప్పుతో కొత్తరకం చేసింది. బెంగుళూరులో వీగన్ సరుకులమ్మే పెద్ద దుకాణం వాళ్లు రుచి చూసి, మీ పట్టికలో ‘లేదు’ అని ఉంటే తీసుకుంటామన్నారు. అప్పటికి మా పట్టికకి అంత పేరు వచ్చింది. ఆ పేరు తెచ్చింది మూడో గడే.

ఆయన్ని నా బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. వదిన డబ్బాలు, దినుసులు అన్నీ చూపించింది. ఆయన అన్నీ తిరగేసి చూశారు. “రేకులు ఎక్కడ తీస్తారమ్మా?” అన్నారు. రేకులు వదిన తీయించదు. ఆ ఊళ్లో పదకొండు ఇళ్లలో ఆడవాళ్లు ఎవరింట్లో వాళ్లు తీసి బుట్టలో పెట్టి తెచ్చిస్తారు. అక్కడ ఏ కొట్టు వాళ్లయినా అంతే.

ఆయన ఒక ఇంటికి వెళ్లి పీట వేయించుకుని కూర్చున్నారు. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది. కింద ఎండు కొబ్బరాకు మండుతోంది. ఆ అమ్మాయి పలచటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీదుగా లాగుతోంది, లాగిన క్షణానికే రేకు ఊడి వస్తోంది. ఆయన ఇరవై రేకుల దాకా మాట్లాడకుండా చూశారు.

“కుండకి ఏం రాస్తావమ్మా?”

“ఏముందండీ, పొద్దున్నే ఓసారి నేతిగుడ్డతో తుడుస్తామండి. లేపోతే మొదటి రేకు ఊడి రాదండి. మళ్లీ మధ్యలో అంటుకుంటే ఇంకోసారండి.”

“అందరూ నెయ్యేనా?”

“మా అత్తగారు నెయ్యే నేర్పారండి. ఆ వెనకింటోళ్లు నువ్వులనూనె రాస్తారు. ఎవరి కుండ వాళ్లదండి.”

“మీ అందరి రేకులూ ఒకే బుట్టలో పోస్తారా?”

“మరి రేకు మీద పేర్లు రాయం కదండీ!” అని నవ్విందా అమ్మాయి.

ఆయన పుస్తకంలో ‘తెలియదు’ అని రాశారు. వదిన తల మీద చెయ్యి పెట్టుకుంది.

“బాబాయిగారూ, మీరు మరీనండి! కుండకి తుడిచింది తిండి దినుసవుతుందాండీ? రేపు పొయ్యిలో కొబ్బరాకు కూడా లెక్కేస్తారా?”

“దినుసు కాదమ్మా. కానీ కొన్ని ఇళ్లలో ఉంది. పదకొండు ఇళ్లలోనూ నువ్వులనూనే రాయించండి, వచ్చి చూసి మారుస్తాను.”

“వాళ్ల అత్తగార్లు నేర్పిన పని నేను మానిపించగలనాండీ?”

“అది నాకు తెలియదమ్మా” అన్నారు. పూతరేకులు ఇస్తే తీసుకోలేదు. మంచినీళ్లు తాగారు.

వారం తిరక్కుండా వదిన ఫోన్ చేసింది. “ఏంటయ్యా, టైపు చేసేది నువ్వే కదా. ఒక్క మాట. మొదటి రేకుకి నెయ్యి తగిలితే తగిలింది, బెంగుళూరు వాళ్లు తినేది ఆ మొదటి రేకేనా?” అంది. నాకూ అది సబబుగానే తోచింది. అన్నం పెట్టిన చెయ్యి అడిగితే చాలా విషయాలు సబబుగా తోస్తాయి. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు ఆయన పేరుతో పేజీ తెరిచి, మూడో గడిలోది తీసి రెండో గడిలో పెట్టాను. అర నిమిషం పట్టలేదు.

నాలుగు నెలల తరవాత మేడం గారు తన విద్యార్థుల్ని ఆ ఊరు తీసుకెళ్లారు. పూతరేకులు ఎలా చేస్తారో చూపించడానికి, మా పట్టికలో ‘లేదు’ అని ఉందన్న ధైర్యంతో. కుండని నేతిగుడ్డతో తుడవడం వీడియో తీసి గ్రూపులో పెట్టారు. ఈ నాలుగు నెలలూ ఆవిడ వారానికో డబ్బా తెప్పించుకుని తిన్నారు. ‘తొమ్మిదేళ్ల నా నియమం మీ మాట నమ్మి పోయింది’ అని ఆయన్ని పేరు పెట్టి రాశారు. తక్కినవాళ్లు అందుకున్నారు. ‘ఎన్ని డబ్బాలు ముట్టాయండీ బాబాయిగారూ?’ అని ఒకరు. ‘పులస బాబాయిని నమ్మితే ఇంతే’ అని ఇంకొకరు.

నేను చదివాను. ఏమీ రాయలేదు.

మర్నాడు పొద్దున్న ఆయన షాపుకి వచ్చారు. ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సు తీస్తుంటే అది అయ్యేదాకా పక్కన నిలబడ్డారు. తరవాత రూళ్ల పుస్తకం తెరిచి కౌంటరు మీద పెట్టారు.

“ఇక్కడ తెలియదని ఉంది అబ్బాయ్. అక్కడ లేదని ఉందట. నేను నీకు ఎప్పుడు చెప్పాను?”

ఇదే ఆ ప్రశ్న. నేను చెప్పిన జవాబు ఇది.

“మీరు తరవాత ఫోన్ చేశారు కదండీ. ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. కుండ సంగతి దినుసు కిందికి రాదులే, మార్చెయ్యి అన్నారు. గుర్తులేదా?”

ఆదివారం అని, చర్చి నుంచి వచ్చాక అని ఎందుకు చేర్చానో నాకిప్పటికీ అర్థం కాదు. అబద్ధానికి కూడా ఎప్పుడు, ఎక్కడ అన్నది ఉండాలని ఆయన దగ్గరే నేర్చుకుని ఉంటాను.

ఆయన పుస్తకంలో ఆ పేజీ ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. “గుర్తు లేదు” అన్నారు.

“వయసు కదండీ” అన్నాను. ఆ మాట కూడా అన్నాను.

పెన్ను అడిగి తీసుకుని, ‘తెలియదు’ కింద నెమ్మదిగా రాశారు. ‘ఫోన్లో మార్చమన్నానట. గుర్తు లేదు. చెప్పినది ఒక్కరు.’ రాసి, నాచేత గ్రూపులో ఇలా పెట్టించారు: ‘పూతరేకుల తప్పు నాది. నాకు మతిమరుపు వస్తున్నట్టుంది. ఇకమీదట రాయను.’ నా చేత్తోనే టైపు చేశాను. మేడం గారు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టారు.

ఆయన రాయడం మానేసి అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆయన మతిమరుపుని కూడా ఆయన పద్ధతిలోనే పట్టుకున్నారు. ఒకసారి తప్పిన తూకపు రాయిని మళ్లీ ముద్ర వేసేదాకా వాడకూడదు. ముందు చర్చిలో వాక్యం చదవడం మానేశారు. ఒక వచనం దాటేస్తే నాకు తెలియదు కదా, అన్నారట. మందు డబ్బాల మీద వారాల పేర్లు అంటించారు. గ్యాసు కట్టేశాక మళ్లీ లేచి వెళ్లి చూసేవారు. ఒంటరిగా రైలెక్కడం మానేశారు. పిన్నిగారు బలవంతాన కాకినాడలో పెద్ద డాక్టరుకి చూపించారు. డాక్టరు లెక్కలు అడిగి, బొమ్మలు గీయించి, ఈ వయసుకి ఇంత జ్ఞాపకం నేను చూడలేదు, అన్నారట. ఆయన నమ్మలేదు. “డాక్టరు గారికి పూతరేకుల సంగతి తెలియదు కదా” అని నాతో అన్నారు.

అవును, నాతోనే. ఆయన జ్ఞాపకానికి సాక్షిగా నన్ను పెట్టుకున్నారు. తప్పు జరిగినప్పుడు సరిగ్గా గుర్తున్నది నాకే కాబట్టి. దాదాపు రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు.

“అబ్బాయ్, నిన్న నీకు ఫోన్ చేశానా?”

“చేశారండి.”

“ఏమన్నాను?”

“మొన్న ఫోన్ చేశారా అని అడిగారండి.”

“సరే. అది గుర్తుంది” అని పెట్టేసేవారు.

రెండేళ్లు. ప్రతి ఫోనులోనూ చెప్పడానికి చోటు ఉంది. ఒక రోజు చెప్పబోయాను కూడా. “బాబాయిగారూ, ఆ పూతరేకుల విషయం...” అన్నాను. “అది వదిలెయ్యి అబ్బాయ్, దానికి నిన్నెవరూ ఏమీ అనరు” అన్నారు. ఆ మాటకి అర్థమేంటో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆయనకి తెలుసా? ఆయన పుస్తకంలో అయితే దీన్ని మూడో గడిలో పెట్టేవారు. నేనూ అక్కడే పెడుతున్నాను.

పోయిన శీతాకాలం ఒక పొద్దున్న కుర్చీలో పేపరు చదువుతూ పోయారు. గుండె. పదో రోజు వాళ్లింటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. చర్చివాళ్లు, పాత ఆఫీసువాళ్లు, మా పట్టికవాళ్లు నలుగురైదుగురు వచ్చారు. పిన్నిగారు ముందు కుర్చీలో తెల్లచీరతో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెబుతున్నారు. “చివరి రెండేళ్లూ మతి సరిగ్గా లేదు బాబూ. అయినా ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు, తండ్రీ.”

పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశాక, పోయినవారి గురించి చెప్పదలచినవాళ్లు చెప్పవచ్చన్నారు. పాత ఆఫీసాయన తూకపు రాళ్ల పెట్టె గురించి చెప్పారు. మేడం గారు లేచారు. ఆవిడ మంచి మనిషి. “పెద్ద వయసులో, జ్ఞాపకశక్తి సహకరించక జరిగిన ఒక పొరపాటుకి మేము తొందరపడి మాటలన్నాం. దాన్ని మేము ఏనాడో మనసులోంచి తీసేశాం” అన్నారు. పిన్నిగారు ఆవిడకి దణ్ణం పెట్టారు. క్షమించినందుకు.

ఆ దణ్ణం చూశాక కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను.

“బాబాయిగారికి మతిమరుపు లేదండి” అన్నాను.

ముందు వరసలో ఎవరో “స్తోత్రం” అన్నారు. వెనక ఇద్దరు “ఆమెన్” అన్నారు. పోయినాయన గురించి ఓ మంచిమాట చెబుతున్నాననుకున్నారు. అయ్యగారు తలాడించి పాటల పుస్తకం తెరిచారు.

“పాట ఆపండి అయ్యగారూ. నాది అవలేదు” అని పిన్నిగారి వైపు తిరిగాను. “పిన్నిగారూ, ఆ పూతరేకుల దగ్గర మాట మార్చింది నేనండి. మా వదిన కోసం మార్చాను. బాబాయిగారు ఫోన్ చేసి మార్చమన్నారన్నది అబద్ధం. ఆదివారం అన్నదీ, చర్చి నుంచి వచ్చాక అన్నదీ అప్పటికప్పుడు కల్పించాను. ఆయన నా మాట నమ్మారు.”

ఎవరూ స్తోత్రం అనలేదు. పిన్నిగారు నా మొహం వంక చూస్తున్నారు.

“మరి గ్యాసు రెండుసార్లు చూసేవారు కదయ్యా?”

“నన్ను నమ్మి చూశారండి.”

“వాక్యం చదవడం మానేశారు కదా?”

“నన్ను నమ్మే మానేశారండి. కాకినాడ డాక్టరు చెప్పిందే నిజం. ఆయనకి చివరిదాకా అన్నీ గుర్తున్నాయండి. జరగనిది ఒక్కటే గుర్తు లేదు. అది జరగలేదు కాబట్టి.”

మేడం గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారు పుస్తకం మూసేశారు. పక్కనున్నాయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోతే విడిపించుకున్నాను.

“మతి బాగున్న మనిషిని రెండేళ్లు మతి లేదని బతకనిచ్చానండి. రోజూ ఫోన్ చేసినా చెప్పలేదు. ఆయన్ని అడగాల్సిన మాట, ఆయన లేకుండా, మిమ్మల్ని అడుగుతున్నాను. తప్పు నాదండి. నన్ను క్షమించండి, పిన్నిగారూ.”